జర్మనీ టీచర్ అడిగితే మా పిల్లలకు యుద్ధం గురించి ఏమీ తెలియలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివాను మాస్టారూ. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ. రాయగడ దగ్గర మీ ఇంగ్లీషు మీడియం స్కూలుకి ఈ ఏడాది జర్మనీ నుంచి ఒక టీచర్ వచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలకు తెల్లకాగితాలిచ్చి, 1939 నుంచి 1945 దాకా ప్రపంచంలో ఏం జరిగిందో తెలిసినంత రాయమన్నారు. హిట్లర్, హిరోషిమా, నేతాజీ, ఈ మూడు పేర్లు దాటి దాదాపు ఏమీ రాలేదు. కొందరు హిట్లర్ గొప్ప నాయకుడని రాశారు. ఒక కుర్రాడైతే లేచి నిలబడి "మన దేశం ఆ యుద్ధంలో ఉందా మేడం?" అని అడిగాడు. ఆవిడ చాలా బాధపడ్డారు, మీకు తల కొట్టేసినట్టయింది. తప్పెవరిది, పరీక్షల ముందు మిగిలిన కాసిని పీరియడ్లలో ఏం చెయ్యాలి అని అడుగుతున్నారు.

ముందు జవాబు చెప్పేస్తాను: హిట్లర్‌తో మొదలుపెట్టకండి. 1942తో మొదలుపెట్టండి, అదీ మీ ఊరి నుంచి. మన సరిహద్దు జిల్లాల పిల్లల ఇళ్ళల్లో ఆ యుద్ధం తాలూకు సరుకు బోలెడంత ఉంది. దాన్ని వాళ్ళకు యుద్ధం పేరుతో ఎవరూ చెప్పలేదు, అంతే. బర్మా కథ అని చెప్పారు, కరువు రోజులని చెప్పారు, స్వాతంత్ర్య పోరాటమని చెప్పారు. వాటికి తేదీలు వేసి ఒక వరసలో పెడితే సగం పని అయిపోయినట్టే. యూరప్ సంగతి ఆ తర్వాత ఎత్తుకోండి, పిల్లలు వింటారు.

నేను పర్లాకిమిడిలో తెలుగు మీడియంలోనూ, ఆ తర్వాత బరంపురంలో ఇంగ్లీషు మీడియంలోనూ సోషల్ చెప్పి రిటైరయ్యాను. కాబట్టి ఈ రెండు రకాల పిల్లలూ నాకు తెలుసు.

తప్పు సంగతి. పిల్లలది కాదు, పూర్తిగా మీదీ కాదు. నేను పాఠం చెప్పిన రోజుల్లో ఎన్సీఈఆర్టీ పుస్తకాల్లో నాజీజం పాఠం తొమ్మిదిలో ఉండేది, భారత జాతీయోద్యమం పదిలో. పదో తరగతి పాఠంలో మొదటి ప్రపంచ యుద్ధం వల్ల ఇక్కడ ధరలు పెరగడం, పల్లెల్లో బలవంతంగా సైన్యంలో చేర్చుకోవడం లాంటివి వివరంగానే ఉండేవి. రెండో యుద్ధం దగ్గరకొచ్చేసరికి మాత్రం క్విట్ ఇండియాను పైపైన ముట్టుకుని వదిలేసేవాళ్ళు. దాంతో పిల్లవాడి బుర్రలో హిట్లర్ ఒక ఏడాది పాఠం, గాంధీ ఇంకో ఏడాది పాఠం. ఆ ఇద్దరూ ఒకే కాలంలో బతికారన్న స్పృహే ఉండదు. నా క్లాసులో ఒకసారి "హిట్లర్ చనిపోయేనాటికి మీ తాతగారికి ఎన్నేళ్ళు?" అని అడిగితే పిల్లలు నవ్వారు. అక్బర్ పోయినప్పుడు మీ తాతకెన్నేళ్ళు అని అడిగినట్టు అనిపించింది వాళ్ళకి.

మన పిల్లలకు దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి, బరంపురం, కోరాపుట్ ఇటు వచ్చాయి. శ్రీకాకుళం, విశాఖ మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. చుట్టరికాలు అటూ ఇటూ అలాగే ఉన్నాయి గానీ చరిత్ర పుస్తకాలు విడిపోయాయి. విశాఖ మీద బాంబులు పడటం ఆంధ్రా చరిత్ర. కోరాపుట్ గిరిజన నాయకుడు, క్విట్ ఇండియా ఉద్యమకారుడు లక్ష్మణ్ నాయక్‌ను ఉరి తియ్యడం ఒడిశా చరిత్ర. ఈ రెంటికీ మధ్య ఏడాది కూడా లేదు. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా లేదా ఇంగ్లీషు చదివే పిల్లవాడికి ఈ రెండూ కలిపి చెప్పే పుస్తకం లేదు. ఆ పని మీరే చెయ్యాలి, వేరే దారి లేదు.

నేను చేసింది చెబుతాను. బోర్డుకి ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక గీత గీసేవాణ్ణి. ఎడమ కొసన 1941 డిసెంబర్ 23, రంగూన్ మీద జపాన్ బాంబులు. తర్వాత 1942 మార్చి 8, రంగూన్ జపాన్ చేతిలోకి. ఏప్రిల్ 6, జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. అదే సమయంలో జపాన్ యుద్ధనౌకలు మన తీరం పొడవునా సరుకు ఓడల్ని ముంచుతూ పోయాయి. కొద్ది రోజుల్లో బంగాళాఖాతంలో ఇరవైకి పైగా ఓడలు మునిగాయి. గోపాల్‌పూర్ బీచ్‌లో పల్లీలు తింటూ పిల్లలు చూసే సముద్రమే అది. ఆగస్టు 8, క్విట్ ఇండియా తీర్మానం. ఆగస్టు 21, అప్పటి కోరాపుట్ జిల్లా మాథిలి పోలీస్ స్టేషన్ దగ్గర ఉద్యమకారుల మీద కాల్పులు. మూడు రోజులకే అదే జిల్లా పాపడాహండిలో కాల్పులు. అక్టోబర్ 16, బెంగాల్‌లో మేదినీపూర్ తుపాను. కుడి కొసన 1943 మార్చి 29, బరంపురం జైల్లో లక్ష్మణ్ నాయక్ ఉరి.

మొత్తం పదిహేను నెలలు. గీత పూర్తయ్యాక "ఇందులో మీకు ముందే తెలిసినవి ఏవి?" అని అడగండి. చేతులు లేస్తాయి. కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ పేరే షహీద్ లక్ష్మణ్ నాయక్. మీ పిల్లల్లో సగం మంది చుట్టాల్ని చూడటానికి ఆ ఆసుపత్రికి వెళ్ళే ఉంటారు. గజపతి జిల్లా పేరు పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతిది. ఆయన 1941 నవంబర్ నుంచి 1944 దాకా, అంటే సరిగ్గా యుద్ధం ముదిరిన రోజుల్లో, ఒరిస్సా ప్రధానమంత్రి. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వ పెద్దను అలాగే పిలిచేవారు. ఇక బిజూ పట్నాయక్ పేరు తెలియని పిల్ల ఒడిశాలో ఉండదు. ఆయన పైలట్. రంగూన్ నుంచి పారిపోయే బ్రిటిష్ కుటుంబాల్ని విమానాల్లో తరలించినవాళ్ళలో ఒకడు. మరోపక్క ఉద్యమానికి సాయం చేసి 1943లో జైలుకి వెళ్ళాడు. ఇన్ని పేర్లు తెలిసిన పిల్లలకు యుద్ధం గురించి ఏమీ తెలియదని ఎలా అంటాం?

అప్పుడు ఒక పిల్లో పిల్లవాడో తప్పకుండా అడుగుతారు, లక్ష్మణ్ నాయక్‌కీ యుద్ధానికీ ఏం సంబంధమని. ఈ ప్రశ్న కోసమే ఆ గీత. అక్కడ ఆగి నిదానంగా చెప్పండి. 1939 సెప్టెంబర్ 3న వైస్రాయి లిన్‌లిత్‌గో ఇక్కడి నాయకులెవర్నీ అడక్కుండా భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించేశాడు. నిరసనగా కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. ఒరిస్సాలో బిశ్వనాథ్ దాస్ మంత్రివర్గమూ దిగిపోయింది. ఆ ఖాళీలోనే తర్వాత గజపతి మహారాజా వచ్చాడు. 1942 ఆగస్టుకి జపాన్ బర్మా దాకా వచ్చి కూర్చుంది. అలాంటప్పుడు దేశం లోపల తిరుగుబాటు లేస్తే ప్రభుత్వానికి ఎంత భయం ఉంటుందో ఊహించుకోండి. మాథిలిలో స్టేషన్ మీదకు వెళ్ళిన జనం మీద కాల్పులు, ఒక ఫారెస్ట్ గార్డు చావు, ఆ హత్యానేరం లక్ష్మణ్ నాయక్ మీద మోపడం, ఏడు నెలల్లో ఉరి. ఈ తొందర యుద్ధకాలపు తొందర. ఇది అర్థమైతే మీ కుర్రాడి ప్రశ్నకు జవాబు వాడే చెప్పుకుంటాడు.

ఇళ్ళ నుంచి తెప్పించే వస్తువుల విషయం. నాకు బాగా పనికొచ్చినవి రెండు.

ఒకటి చిల్లు కాణీ. 1943లో లోహం పొదుపు కోసం ప్రభుత్వం కాణీ నాణేన్ని మధ్యలో పెద్ద బెజ్జంతో అచ్చువేసింది. 1947 దాకా వచ్చాయి అవి. మొలతాడుకో దండకో కట్టడానికి వీలుగా ఉంటుందని ఇళ్ళల్లో దాచుకున్నారు. ఇప్పటికీ దేవుడి గూట్లో, పోపుల పెట్టె అడుగున దొరుకుతుంటాయి. దాన్ని పిల్లల చేతిలో పెట్టి చుట్టూ తిప్పించండి. ఒక పక్క కిరీటం, సంవత్సరం, ఇంకో పక్క ఆకుల దండ. "కాణీలో గోరంత రాగి మిగుల్చుకోవాల్సినంత అవసరం ఏమొచ్చింది?" అని అడిగి ఊరుకోండి. రాగి తూటాలకీ ఫిరంగి గుండ్లకీ కావాలన్న మాట క్లాసు నుంచే వస్తుంది, కొంచెం ఓపిక పట్టాలంతే. వెండి రూపాయిలో వెండి తగ్గించిందీ, రూపాయి నోటు మళ్ళీ వచ్చిందీ 1940లోనే అని తర్వాత చెప్పొచ్చు.

రెండోది జాతకం. నవ్వకండి. 1942 సెప్టెంబర్ 1 నుంచి 1945 అక్టోబర్ 15 దాకా దేశంలో గడియారాలన్నీ ఒక గంట ముందుకు జరిపి ఉంచారు. ఆ కాలంలో పుట్టినవాళ్ళకి జాతకం వెయ్యాలంటే గడియారం చూపించిన టైములోంచి ఒక గంట తియ్యాలి, లేకపోతే లగ్నమే మారిపోవచ్చు. సిద్ధాంతులకి ఇది కొట్టినపిండి. పర్లాకిమిడిలో మా క్లాసు అమ్మాయి వాళ్ళ తాతగారి జాతకం తెచ్చింది. పసుపు పూసిన అంచులు, లోపల నల్లసిరాతో చక్రం. దాని కింద చిన్న అక్షరాలతో "యుద్ధకాలము, ఒక గంట తీసివేయబడినది" అని ఉంది. ఆ ఒక్క వాక్యం చదివాక క్లాసంతా నోరెళ్ళబెట్టింది. లండన్, బెర్లిన్, టోక్యో అని పుస్తకంలో చదివినప్పుడు కలగని ఆశ్చర్యం అది. యుద్ధం వాళ్ళ తాతగారి జాతకచక్రం దాకా వచ్చింది మరి!

ఇక బర్మా. మన వైపు ఇదే అసలు గని. గోపాల్‌పూర్, కళింగపట్నం, భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల నుంచి ఓడలెక్కి తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు తరాల తరబడి రంగం, అంటే రంగూన్, వెళ్ళారు. రేవులో కూలి, రైసు మిల్లు, రిక్షా, ఏది దొరికితే అది. రంగూన్ పడిపోయాక ఓడలు చాలలేదు. నాలుగైదు లక్షల మంది భారతీయులు కాలినడకన కొండలు దాటి వచ్చారని లెక్క. తౌంగప్ కనుమ దాటి అరకాన్ మీదుగా చిట్టగాంగ్‌కి కొందరు, తమూ దాటి ఇంఫాల్‌కి కొందరు. కలరా, మలేరియా, ఆకలితో దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారు. తెల్లవాళ్ళకో దారి, నల్లవాళ్ళకో దారి పెట్టారని అప్పట్లోనే కాంగ్రెస్ నాయకులు గొడవ చేశారు.

ఇక్కడే ఒక జాగ్రత్త. "మా ముత్తాత బర్మా నుంచి వచ్చాడు" అని పిల్లలు చెప్పేవన్నీ 1942 కథలు కావు. 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేసి, 1964 నుంచి లక్షల మందిని పంపించేశారు. విశాఖలో బర్మా క్యాంపు అని పిలిచే కాలనీ ఆ రెండో రాకకు సంబంధించింది. రెండూ ఇళ్ళల్లో కలిసిపోయి ఒకే కథగా వినిపిస్తాయి. తేడా పట్టడానికి చిన్న ప్రశ్న చాలు: నడిచొచ్చారా, ఓడలో వచ్చారా? నడక అయితే దాదాపు ఖాయంగా 1942. ఓడ, చేతిలో ప్రభుత్వం ఇచ్చిన కాగితాలు, నగలు తేనివ్వలేదన్న ఏడుపు, ఇవన్నీ ఉంటే అరవైల కథ. కొన్ని ఇళ్ళల్లో రెండూ ఉంటాయి. నడిచొచ్చి, యుద్ధం అయ్యాక మళ్ళీ వెళ్ళి, మళ్ళీ తరిమేస్తే వచ్చినవాళ్ళు. వాళ్ళ గురించి ఎవరైనా చెబితే ఆ పీరియడ్ మొత్తం వాళ్ళకే ఇచ్చెయ్యండి, సిలబస్ ఎక్కడికీ పోదు.

బర్మా నుంచి కరువులోకి వెళ్ళడం తేలిక. బర్మా బియ్యం ఆగిపోయింది. తుపాను మేదినీపూర్ పంటను ముంచింది. జపాన్ వాళ్ళకు దొరక్కూడదని తీరప్రాంతంలో పడవలు స్వాధీనం చేసుకున్నారు, ధాన్యం తరలించారు. యుద్ధం ఖర్చుకి నోట్లు అచ్చేసి ధరలు పెంచారు. 1943లో బెంగాల్‌లో చనిపోయినవాళ్ళు 20 నుంచి 30 లక్షలని ఎక్కువమంది చరిత్రకారుల అంచనా. ఆ ఏడాది మే నెలలో తూర్పు రాష్ట్రాల మధ్య ధాన్యం మీద ఆంక్షలు ఎత్తేస్తే కలకత్తా వ్యాపారులు ఒరిస్సా ధాన్యాన్ని ఊడ్చుకుపోయారు, ఇక్కడా ధరలు భగ్గుమన్నాయి. ముసలివాళ్ళు "రూపాయి పెట్టినా బియ్యం దొరకని ఏడు" అంటే ఇదే. ఒక్క బాంబూ పడని చోట యుద్ధం మనుషుల్ని ఎలా చంపుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి పాఠం తెలియదు.

ఇప్పుడు హిట్లర్. జర్మనీ టీచర్‌ని ఎక్కువ బాధపెట్టింది ఇదే కదా. పిల్లల్ని తిట్టకండి, ఆవిణ్ణీ తిట్టనివ్వకండి. వాళ్ళ లెక్క సూటిగా ఉంది: బ్రిటిష్‌వాళ్ళు మన శత్రువులు, హిట్లర్ బ్రిటిష్‌వాళ్ళకి శత్రువు, నేతాజీ బెర్లిన్ వెళ్ళాడు, కాబట్టి హిట్లర్ మనవాడు. నేతాజీ పుట్టింది కటక్‌లో, ఒడిశా పిల్లలకు ఆ అభిమానం ఇంకాస్త ఎక్కువ. ఆ లెక్కని నేతాజీ చేతే విడగొట్టించాలి. హిట్లర్ తన పుస్తకంలో, భారతదేశం వేరెవరి చేతుల్లోనో ఉండటం కంటే ఇంగ్లీషువాళ్ళ కింద ఉండటమే తనకిష్టమని రాసుకున్నాడు. 1942 మే నెలాఖరులో నేతాజీ హిట్లర్‌ని కలిశాడు. పుస్తకంలోని ఆ రాతల గురించి మొహం మీదే కదిపాడు. భారత స్వాతంత్ర్యానికి మద్దతుగా బహిరంగ ప్రకటన మాత్రం రాబట్టలేకపోయాడు. 1943 ఫిబ్రవరిలో జలాంతర్గామి ఎక్కి ఆసియాకి బయల్దేరాడు. ఈ వరస చెప్పాక మా క్లాసులో హిట్లర్ అభిమానులు మళ్ళీ నోరెత్తలేదు.

ఆ తర్వాతే 60 లక్షల మంది యూదుల హత్య గురించి చెప్పండి. యూదులతో పాటు రోమా జాతివాళ్ళని లక్షల్లో చంపారనీ, వాళ్ళ పూర్వీకుల మూలాలు ఉత్తర భారతంలో ఉన్నాయనీ, వికలాంగుల్ని, మానసిక రోగుల్ని ఆసుపత్రుల్లోనే చంపేశారనీ కలిపి చెప్పండి. ఈ భాగం జర్మనీ టీచర్‌కే వదిలెయ్యడం మంచిదని నా అభిప్రాయం. వాళ్ళ ఇంట్లో ఆ రోజుల గురించి ఏం చెప్పుకున్నారో ఆవిడకు ఇష్టమైతే చెప్పమనండి. మీ పిల్లలు తాతల కథలు తెచ్చాక ఆవిడా తన ఇంటి కథ తేవడం న్యాయం. స్వస్తిక్ గురించి మాత్రం ముందే ఒక మాట వేసి ఉంచండి. మన గుమ్మాల మీద, పెళ్ళి కార్డుల మీద చూసి మొదటి నెలలో కంగారు పడేవాళ్ళుంటారు. ఇంకోటి, ఆవిడ బళ్ళో చదువుకున్నప్పుడు బెంగాల్ కరువు గురించి ఎవరైనా చెప్పారేమో అడగండి. దెప్పడానికి కాదు. ఎవరి పుస్తకంలో ఏ పేజీ లేదో టీచర్లు ఇద్దరూ తెలుసుకుంటే ఆ క్లాసు వేరేగా నడుస్తుంది.

ఇంకో కష్టమైన విషయం దాటేయకండి. ఐఎన్‌ఏ, అంటే నేతాజీ నడిపిన ఆజాద్ హింద్ ఫౌజు, గురించి పిల్లలు గడగడా చెబుతారు. అవతలి పక్కన బ్రిటిష్ ఇండియా సైన్యంలో 1945 నాటికి దాదాపు 25 లక్షల మంది భారతీయులున్నారని, 87 వేల మంది చనిపోయారని చెబితే నమ్మరు. 1944లో ఇంఫాల్, కోహిమాల దగ్గర రెండు పక్కలా మనవాళ్ళే. "వీళ్ళలో దేశభక్తులెవరు సార్?" అని అడుగుతారు. నేనెప్పుడూ జవాబు చెప్పలేదు. ఎవరు ఎందుకు చేరారో, జీతానికా, బలవంతానికా, నమ్మకానికా, ముందు దాని మీద మాట్లాడించేవాణ్ణి.

దీనికి పనికొచ్చే ఒక పని ఉంది. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు వెతకొచ్చు. కొన్నింటికి తండ్రి పేరు, సొంత ఊరు కూడా ఉంటాయి. అయితే పాత ఇంగ్లీషు స్పెల్లింగులు కొట్టాలి. విశాఖపట్నం అంటే రాదు, విజగపటం అని వెతకాలి. బరంపురానికీ పర్లాకిమిడికీ అంతే, పాత మ్యాపు పక్కన పెట్టుకుని కూర్చోండి. 1936కి ముందు గంజాం అంటే ఇప్పటి శ్రీకాకుళం వైపు కూడా కలిపే కాబట్టి, గంజాం అని కనబడగానే మన జిల్లా అని సంబరపడకుండా ఊరి పేరు సరిచూసుకోమనండి.

టైము లెక్క చూసుకుంటే గీతకీ లక్ష్మణ్ నాయక్‌కీ కలిపి రెండు పీరియడ్లు, నాణెం, జాతకం, బర్మా కథలకి మూడు, కరువుకి ఒకటి, హిట్లర్‌కి రెండు సరిపోతాయి. ఒడియా మాస్టారు ఒప్పుకుంటే మాథిలి సంగతి ఆయన పీరియడ్‌లోకి నెట్టెయ్యండి, ఆయనకి వివరాలు మీకంటే ఎక్కువే తెలిసి ఉంటాయి. పిల్లలకు మార్కులు మాత్రం పెట్టకండి. మార్కులన్నారంటే తాత చెప్పింది వదిలేసి గైడులోది రాసుకొస్తారు. అలాగే జాతకాలు ఒరిజినల్ తెమ్మనకండి, ఫోన్లో ఫొటో చాలు. మా క్లాసు అమ్మాయి ఇంట్లో చెప్పకుండా తెచ్చేసిందట. మర్నాడు పొద్దున్నే ప్రేయర్ కూడా అవ్వకముందే వాళ్ళ నాన్నమ్మ గేటు దగ్గర నిలబడి ఉంది.